కనబడుటలేదు

‘తీరదీపిక’ పత్రికకి పాతికేళ్ళు నిండిన ఏడు, అంటే ఎనభై ఏడులో, ఒక ఆదివారం పొద్దున్న నీలకంఠం గది తలుపు ఎవరో తట్టారు. పాత పోస్టాఫీసు వెనక సందులో ఆ గదిలో అతను కాపురముండబట్టి ఇరవై ఏళ్ళు. కాపురమన్నమాటే గానీ ఉన్నది ఒక్కడే. పెళ్ళయిన రెండో ఏడే భార్య పురిట్లో పోయింది. మళ్ళీ చేసుకోమని చెప్పేవాళ్ళు కొన్నాళ్ళు చెప్పారు, తర్వాత వాళ్ళూ పోయారు. ఆ తలుపు తట్టేవాళ్ళంటూ పెద్దగా లేరు. పక్కింటి చుట్టాలెవరో పొరబడ్డారనుకుని, చొక్కాకి బొత్తాం కుట్టుకుంటూనే “పక్క గుమ్మం బాబూ” అన్నాడు.

“క్రేను డ్రైవరు నీలకంఠం గారంటే మీరేనాండి?” అంది తలుపవతలి గొంతు.

సూది వేల్లో దిగింది.

వచ్చినవాడు జ్ఞానశేఖర్ అని, తీరదీపిక విలేఖరి. సన్నగా పొడుగ్గా ఉన్నాడు, పాత పేపర్ల దుమ్ముకి జలుబు చేసి మాటమాటకీ తుమ్ముతున్నాడు. రజతోత్సవ సంచికలో తమ పత్రిక పాత శీర్షికలనీ, వాటివల్ల ఊళ్ళో జరిగిన వింతలనీ ఒక పేజీ వేస్తున్నారట. ఆ పేజీ పని ఇతనికి అప్పజెప్పారు. నీలకంఠం ఉన్న ఒక్క కుర్చీ అతనికి వేసి, తను మంచమ్మీద కూర్చున్నాడు. మళ్ళీ లేచి, కుర్చీ తుడిచి, మళ్ళీ కూర్చున్నాడు.

జ్ఞానశేఖర్ నవ్వించగల మనిషి. అరవై ఎనిమిదిలో ‘హార్బరులో ఇరుక్కున్న ఐరావతం’ అని పెద్దక్షరాల్లో వేశారట. ఐరావతం ఓడ పేరు. కింద వార్త చదివే ఓపిక ఎవరికుంది? జనం అరటి గెలలూ చెరుకు గడలూ పట్టుకుని రేవుకి ఎగబడ్డారట. ఒకాయన ఎందుకైనా మంచిదని మావటివాణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడట. ఇంకోసారి ‘తుఫాను ముప్పు తప్పింది’ అన్నదాంట్లో ‘తప్పింది’ అచ్చులో ఎగిరిపోయింది. ఆరోజు జాలరిపేటలో ఒక్క పడవా నీళ్ళలోకి దిగలేదు. అక్కడ జరగాల్సిన పెళ్ళొకటి వాయిదా పడితే, ఆ సందులో పెళ్ళికొడుకు బాగా ఆలోచించుకుని మరి రానే లేదు. ఇక ‘ఉక్కు కర్మాగారం పనులు త్వరలో’ అన్న శీర్షికనైతే అక్షరాలు విప్పకుండా ఒక మూల కట్ట కట్టే ఉంచేవారట, ఏటేటా వాడుకోడానికి. అది నమ్మి గాజువాకలో ఒకాయన ఉక్కు విలాస్ అని హోటలు తెరిచి, పనులు మొదలయ్యేలోపు మూసేశాడు.

నీలకంఠం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆ గదిలో నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందో, గోడ మీద బల్లి కూడా పక్కకి తప్పుకుంది.

“వీటన్నిట్లోకీ మీదే గొప్పదండి” అని జ్ఞానశేఖర్ ఒక పసుపురంగు కాగితం విప్పి చూపించాడు. డెబ్భై ఎనిమిది అక్టోబరు నెలాఖరు, ఆదివారం సంచిక. పక్కపక్కన రెండు ఫోటోలు. “దీనివల్ల ఏం జరిగిందో చెప్పండి. ఏదీ వదలకుండా.”

నీలకంఠం చెప్పాడు. కొంత వదిలేసే చెప్పాడు. వదిలేసింది కూడా కలిపితే జరిగింది ఇది.

ఆ ఏడు పోర్టువాళ్ళు, ఏళ్ళ తరబడి ఒక్క ప్రమాదం లేకుండా క్రేను నడిపినందుకు నీలకంఠానికి ప్రశంసాపత్రం ఇచ్చారు. పేపరువాళ్ళు ఫోటో తీసుకున్నారు. పడుతుందన్న ఆదివారం తెల్లారగట్లే లేచి, తలకి నూనె రాసుకుని, పోర్టు గేటెదురుగా ఉన్న టీ కొట్టుకి వెళ్ళి, తీరదీపిక కొని విప్పాడు. ‘పోర్టు క్రేను డ్రైవరుకు ప్రశంసాపత్రం’ అన్న శీర్షిక కింద ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి. పక్కన ‘కనబడుటలేదు’ అన్న శీర్షిక కింద, మెళ్ళో దండతో తను.

ఆ దండ కూడా ఎవరికీ అనుమానం తెప్పించలేదు, అదీ విడ్డూరం.

ఫోటో కింద ఇలా ఉంది: ‘పై వ్యక్తి పేరు వరహాలు, ఆనందపురం వాస్తవ్యుడు. చామనచాయ. ఎవరితోనూ మాట్లాడడు. ఒంటరిగా తిరుగుచుండును. పేరు అడిగిన యెడల వేరే పేరు చెప్పును, నమ్మవద్దు. ఇంటికి చేర్చిన వారికి జన్మంతా రుణపడి ఉండగలము.’

అతను నోరు తెరుచుకుని చదువుతుంటే, భుజం మీంచి ఇంకెవరో కూడా చదువుతున్నారు. ఆటోనగర్‌లో వెల్డింగు షెడ్డున్న ఏసుదానం, తెల్లబట్టలేసుకుని చర్చికి వెళ్తూ టీకి ఆగాడు. ఫోటో చూశాడు, మనిషిని చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. చెయ్యి మెత్తగా పట్టుకున్నాడు.

“నీ పేరేటి బావా?”

“నీలకంఠం.”

ఏసుదానం పేపర్లో వేలు పెట్టి ఆ వాక్యం మళ్ళీ చదువుకుని తలూపాడు. “అవును బావా. అలాగే అంటావని రాసినారు.”

“నాను నీలకంఠాన్నే. ఫోటో నాదే గానీ, పేరు నాది కాదు!”

ఆ మాట అతని చెవికే పిచ్చిమాటలా వినిపించింది. చుట్టూ నలుగురు మూగారు. ఎవరో టీ కొట్టతన్ని అడిగారు, ఈయన్ని ఎరుగుదువా అని.

“రోజూ వొస్తాడు బాబూ. టీ తాగుతాడు, ఎల్లిపోతాడు. ఎవులితోటీ మాటాడడు.”

“పేరేటి?”

టీ కొట్టతను కాస్త సిగ్గుపడ్డాడు. “ఎప్పుడూ అడగనేదు.”

నీలకంఠం పోర్టు గేటు చూపించాడు. గేటు దగ్గర కాపలావాడు కొత్తవాడు, పాసు చూపించమన్నాడు. పాసు ఉతకడానికి వేసిన చొక్కా జేబులో ఉంది. గదికి పదండంటే, “గదికెల్తే తలుపేసుకుంటాడు” అన్నారెవరో తెలివైనవాళ్ళు. అరవై అడుగుల ఎత్తున క్రేను గదిలో కూర్చుని రోజూ ఈ ఊరినంతా చూసేవాడు. కింద నిలబడి తలెత్తి తనని చూసినవాడు ఇందులో ఒక్కడూ లేడా అని ఒక్కొక్క మొహమే వెతుక్కున్నాడు. లేడు.

“భయపడకు బావా. ఈ ఆదివారం నా ప్రార్థన ఇదే” అని ఏసుదానం తన కండువా ఒక కొస అతని మణికట్టుకీ, రెండో కొస తన మణికట్టుకీ కట్టుకుని బస్సెక్కించాడు.

బస్సులో సంగతి నీలకంఠం విలేఖరికి చెప్పలేదు. అందులో నవ్వుకునేదేమీ లేదు. కిటికీ సీటు ఇచ్చారు. ఒకామె రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టింది. ఇంకొకామె తన కొంగుతో అతని నుదుటిమీద చెమట తుడిచి, “ఏ తల్లి కొడుకో, ఇల్లొగ్గీసి ఎలా తిరిగేవయ్యా” అంది. హనుమంతవాక దాటేదాకా ‘నాను కాదు’ అంటూనే ఉన్నాడు. ఎండాడ దగ్గర ఒకసారి అన్నాడు. మధురవాడ వచ్చేసరికి అనడం మానేశాడు. అరటిపండు ఒలుచుకుని తిన్నాడు.

ఆనందపురం జంక్షను నుంచి లోపలికి, కనకాంబరాల తోటలు దాటితే ఒక తాటాకిల్లు. కబురు ముందే అందింది. లోపల్నుంచి వరహాలు భార్య కాశమ్మ పరుగెత్తుకొచ్చింది. జుట్టు ముడి ఊడిపోయింది, చేతికి పేడ ఉంది. నాలుగడుగుల్లోకి వచ్చి ఆగిపోయింది. ఆమె మొహంలో దీపం ఆరిపోవడం నీలకంఠం దగ్గర్నుంచి చూశాడు. తప్పు తనది కాకపోయినా తల వంచుకున్నాడు.

“ఈయన కాదు” అంది కాశమ్మ.

“కాదా?” అన్నాడు ఏసుదానం. కండువా ముడి విప్పబోతే అది ఇంకా బిగుసుకుంది.

ఈలోగా అరుగు మీంచి ముసలమ్మ దిగింది. వరహాలు తల్లి పోతమ్మ. చూపు బాగా ఆనదు. వచ్చి రెండు చేతులతో నీలకంఠం మొహం పట్టుకుంది. బుగ్గలు తడిమింది, చెవులు తడిమింది.

“వొచ్చినావా నాయినా. ఎంత సిక్కిపోనావురా.”

“అత్తా, ఈ బాబు మనోడు కాదే” అంది కాశమ్మ.

“నువ్వూరుకో. ముందు అన్నం ఎట్టు.”

పెట్టింది కాశమ్మ. ఆనపకాయ పులుసు, ఆవపెట్టిన అరటికాయ కూర. ముసలమ్మ పక్కన కూర్చుని, విస్తట్లో ఏం మిగిలిందో వేళ్ళతో చూస్తూ, ఇంకా వెయ్యమంటూనే ఉంది. నీలకంఠం నోరు విప్పలేదు. విప్పితే గొంతు తేడా తెలిసిపోతుందని భయం. అతనికే ఆశ్చర్యంగా ఉంది, తెలిస్తే తెలియనీ, నాకేం అని ఎందుకనుకోలేకపోతున్నానా అని. తిరుగు బస్సులో ఏసుదానం దారంతా క్షమాపణలు చెప్పుకుంటూనే ఉన్నాడు. నీలకంఠం వినలేదు. బుగ్గలమీద ఆ వేళ్ళ గరుకు ఇంకా ఉంది.

ఆ వారమంతా ఊరు ఊరంతా అతన్ని పట్టుకుంది. మంగళవారం సాయంత్రం జాలరిపేటలో చేపలు కొనడానికి వంగితే, బుట్ట ముందున్న మనిషే “వొరే, ఈ బాబే, పట్టండ్రా” అని కేకేసింది. శుక్రవారం పూర్ణా మార్కెట్లో ఇద్దరు కాలేజీ పిల్లలు రిక్షా ఎక్కించి బస్టాండుకి తీసుకెళ్ళారు. ప్రతిసారీ ఆనందపురమే. రెండోసారి కాశమ్మ చూసి నిట్టూర్చింది. మూడోసారి నడుం మీద చెయ్యేసుకుని, “మళ్ళీ నువ్వేనా అన్నియ్యా?” అని పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అతను దిక్కుతోచక, పెరట్లో సడలిపోయిన దడి కనిపిస్తే వెళ్ళి బిగించి కట్టాడు. ముసలమ్మ అరుగుమీంచి, “ఆ మూలది కూడా సూడు నాయినా, మేకలు దూరతన్నాయి” అంది. ఆ మూల కూడా కట్టాడు.

తర్వాతి ఆదివారం తీరదీపికలో ఒక మూల చీమ తలకాయంత అక్షరాల్లో సవరణ పడింది. ‘గత వారం రెండు ఫోటోలు తారుమారైనవి. చింతిస్తున్నాము.’ సవరణలెవరూ చదవరంటారు గానీ, ఆ ఒక్క సవరణా ఊరంతా చదివింది కాబోలు. ఆరోజు నుంచి అతన్ని పట్టుకున్నవాడు లేడు.

మొదటి రెండ్రోజులు హాయిగానే అనిపించింది. మూడోరోజు టీ కొట్టు దగ్గర మామూలు కన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత గడ్డం గీసుకోవడం మానేశాడు. సెలవు రోజున తల దువ్వుకోకుండా వెళ్ళి బస్టాండులో బల్లమీద కూర్చున్నాడు. ఎదురుగా వచ్చేపోయేవాళ్ళని తేరిపార చూశాడు, వాళ్ళు తనని చూస్తారేమోనని. పక్కన ఒకాయన వచ్చి కూర్చుని పేపరు తీశాడు. నీలకంఠం తన మొహం బాగా కనబడేలా అటు తిరిగి కూర్చున్నాడు. ఆయన పేపరు పరిచి, దానిమీద పులిహోర పొట్లం విప్పుకున్నాడు.

సాయంత్రం దాకా కూర్చుని, అక్కణ్ణుంచి గాజువాక బస్సెక్కి ఆటోనగర్ వెళ్ళాడు. ఏసుదానం కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని గేటు అతుకుతున్నాడు.

“ఏటి బావా, ఇలాగొచ్చినావు?”

నీలకంఠం నిప్పురవ్వల వంక చూస్తూనే అడిగాడు. “నన్ను మళ్ళీ ఒకసారి పట్టుకెళ్తావేటి?”

“ఎక్కడికి?”

“ఆనందపురం.”

ఏసుదానం అద్దాలు పైకెత్తాడు. “బస్సుంది కదా బావా. నువ్వే ఎల్లొచ్చు గదా.”

“ఏమొకం ఎట్టుకుని ఎల్తాను? నానెవుల్ని వాళ్ళకి? ఎవులో పట్టుకొచ్చినారంటే అదో దారి.”

ఏసుదానం నవ్వబోయాడు. మొహం చూసి మానుకున్నాడు. “వొచ్చే ఆదివారం ఎల్దాం. చర్చవ్వగానే” అన్నాడు.

ఆ ఆదివారం వెళ్ళారు. కండువా కట్టలేదు గానీ, వీధి మొగలో ఏసుదానం, మాట ఇచ్చినవాడు కాబట్టి, అతని చెయ్యి పట్టుకునే నడిచాడు. ఇంటిముందు జనం. అరుగుమీద, పోతమ్మ పక్కన, కొత్తపంచె కట్టుకుని ఒక మనిషి కూర్చున్నాడు. పేపర్లో నీలకంఠం పేరు మీద అచ్చయిన మొహం.

వరహాలు నిన్ననే ఇల్లు చేరాడు. పెదనాన్న కొడుకులతో బావి వాటా దగ్గర మాటా మాటా వచ్చి, ఉన్న మాటలు కూడా మానేసి, ఒక పొద్దున్న ఎడ్లకి గడ్డేసి వెళ్ళిపోయినవాడు భీమిలిలో తేలాడు. అక్కడ గ్రంథాలయం అరుగుమీద పడుకునేవాడు. ఆ ఊరి పెద్దలు పేపర్లో ఫోటో చూసి, ఇంత గొప్ప క్రేను డ్రైవరు ఇంత నిరాడంబరంగా మన అరుగుమీద పడుకోవడమా అని కరిగిపోయారు. గ్రంథాలయ వారోత్సవాల్లో సన్మానం పెట్టారు. దండేశారు, శాలువా కప్పారు, మైకు ముందుకి తోసి రెండు ముక్కలు మాట్లాడమన్నారు. మైకు చూసేసరికి వరహాలుకి ముచ్చెమటలు పట్టాయి. ఎవరడిగినా సొంతపేరు చెప్పనివాడు, “నాను కాదు బాబో! నా పేరు వరహాలు, మాది ఆనందపురం, నన్నొగ్గీండి!” అని మైకులో అరిచాడు. అలా దొరికాడు.

జనం మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని నవ్వుతున్నారు. నీలకంఠం కూడా నవ్వాడు. కాశమ్మ రెండు విస్తళ్ళు ఎక్కువ వేసింది. ముసలమ్మ కొడుకు చెయ్యి వదలకుండా, అలికిడికి ఇటు తిరిగి, “ఈ బాబెవులు?” అంది.

“మొన్నటి దాకా వొచ్చిన బాబే అత్తా.”

“ఓహో” అంది పోతమ్మ.

అన్నం తిని, అందరికీ చెప్పి వచ్చేశాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళలో ఆనందపురం వైపు వెళ్ళే బస్సు ఎక్కలేదు.

జ్ఞానశేఖర్‌కి దండ, కండువా, భీమిలి మైకు చెప్పాడు. అతను తుమ్ముతూ, నవ్వుతూ రాసుకున్నాడు. “తర్వాతండీ?” అనడిగాడు.

“తర్వాతేటుంటాది బాబూ. సవరణ ఏసినారు గదా.”

రజతోత్సవ సంచిక వచ్చింది. నీలకంఠం కథ ఐరావతానికీ ఉక్కు విలాస్‌కీ మధ్యన పడింది. ఈసారి ఏ ఫోటో కింద ఉండాల్సిన పేరు దాని కిందే ఉంది. రేవులో ఒక పూట అందరూ ‘ఏమయ్యా కనబడుటలేదూ’ అని పిలిచి నవ్వారు. మర్నాడు ఇనప ఖనిజం ఓడ వచ్చింది, అందరూ పనిలో పడ్డారు.

పదిరోజుల తర్వాత ఒక సాయంత్రం మళ్ళీ తలుపు చప్పుడు. తీస్తే వరహాలు. తల నెరిసిపోయింది. చేతిలో ఆనపకాయ. లోపలికొచ్చి, ఆనపకాయ మంచం కింద పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరూ మాటకారులు కారు. నీలకంఠం టీ పెట్టి ఇచ్చాడు.

“పేపరాఫీసుకెల్లి నీ ఇల్లడిగినాను” అన్నాడు వరహాలు చివరికి. “మాయమ్మ పోయింది.”

“ఎప్పుడు?”

“నాలుగేళ్ళవుతాది. మంచం పట్టినాక రోజూ అడిగీది, పెద్దోడు రానేదేటి, పెద్దోడికి కబురెట్టండి అని. మాయమ్మకి నానొక్కణ్ణే. పెద్దోడెవుడే అంటే, దడి కట్టినోడు అనీది.”

నీలకంఠం వంగి మంచం కింది ఆనపకాయని గోడవారకి జరిపాడు.

“ఎతికినాను. నీ పేరు మాకు తెల్దు. కాశమ్మ అన్నియ్య అనీది, అంతే. భీమిలోళ్ళు ఏదో పేరుతోటి పిలిచినారు గానీ, ఆ భయంలో నాకెక్కనేదు. ఆటోనగరెల్తే ఆ వెల్డింగు బాబు షెడ్డు ఎత్తీసినాడన్నారు. పోర్టు గేటుకాడికొచ్చి, నా ఫోటో కింద పేరున్న మడిసి కావాలన్నాను. పొమ్మన్నారు.” గ్లాసు కింద పెట్టాడు. “రెండుసార్లొచ్చినాను. రెండుసార్లూ పొమ్మన్నారు.”

చీకటి పడకుండానే లేచాడు, ఆఖరి బస్సు దాకా ఉండనని. బస్టాండు దాకా ఇద్దరూ నడిచారు. బస్సెక్కుతూ వరహాలు, “కాశమ్మ రమ్మంది” అన్నాడు. నీలకంఠం తలూపాడు. ఎప్పుడని అతను అడగలేదు, ఇతను చెప్పలేదు.

మర్నాడు డ్యూటీకి వస్తే ఫోర్‌మన్ అర్జునరావు నీలకంఠాన్ని ఎగాదిగా చూశాడు. నున్నటి గుండు, ఎండకి మెరుస్తోంది.

“ఏటి గుండు? సింహాచలం ఎల్లినావా?”

“లేదు బాబూ. మాయమ్మ పోయింది.”

అర్జునరావు నాలిక కరుచుకున్నాడు. తనెరిగిన ఇన్నేళ్ళలో ఇతనికొక తల్లి ఉందని కూడా తెలియదు. “అయ్యయ్యో. సెలవు పెట్టకుండా వొచ్చీసినావేటి మరి? ఎప్పుడు పోయింది?”

“నాలుగేళ్ళయింది” అని, నీలకంఠం నిచ్చెన పట్టుకుని క్రేను ఎక్కాడు.